మీ ప్రశ్నకు జవాబు: పక్క మంచం ఆమె చెప్పిన మాట

రొమ్ము క్యాన్సర్ చికిత్స ముగిసిన తరువాతి జీవితం గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో మూడింటికి ఈ సంచికలో సమాధానమిస్తున్నాను. మొదటి ప్రశ్న పెద్దది కాబట్టి ఎక్కువ స్థలం దానికే వెళ్ళింది. రాసినవారి కోరిక మేరకు పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: అమ్మగారికి నమస్కారం. నా వయసు 42 ఏళ్ళు. మాది రాజాం దగ్గర పల్లె. నిరుడు శ్రావణంలో ఎడమ రొమ్ము తీసేశారు. కీమో, కరెంటు పెట్టడం (రేడియేషన్) రెండూ విశాఖపట్నంలో పూర్తయ్యాయి. ఇప్పుడు జబ్బు తిరగబెట్టకుండా టమాక్సిఫెన్ మాత్ర వేసుకుంటున్నాను. మొన్న రివ్యూకి వెళ్ళినప్పుడు, కావాలనుకుంటే ప్లాస్టిక్ సర్జరీతో రొమ్మును మళ్ళీ తయారు చేయవచ్చని డాక్టరుగారు అన్నారు. “ప్రాణం దక్కింది, ఈ వయసులో ఇంకా అదెందుకు” అని మా అత్తగారంటారు. మా ఆయన “నీ ఇష్టం” అని ఊరుకుంటారు. నా ఇష్టమేమిటో నాకే తెలియడం లేదు. అలా చేయించుకున్న మనిషిని నేనింతవరకు చూడలేదు. చుట్టుపక్కల ఊళ్ళలో ఇదే జబ్బు నుంచి బయటపడినవారు మరో నలుగురున్నారని, అందరం ఒకచోట కలుద్దామని మా ఆశా కార్యకర్త అంటోంది. వెళ్ళాలని ఉంది, భయంగానూ ఉంది. వాళ్ళ కష్టాలు వింటే నా దిగులు పెరుగుతుందేమో. పైగా ఊళ్ళో తెలిసిపోతే మా అమ్మాయి సంబంధాలకు ఇబ్బంది వస్తుందేమో. వెళ్ళమంటారా?

జవాబు: వెళ్ళండి, సోదరీ. మీ భయాలు రెండూ సహేతుకమైనవే కాబట్టి వాటి దగ్గరికి తప్పకుండా వస్తాను. ముందుగా, ఎందుకు వెళ్ళమంటున్నానో చెప్పనివ్వండి.

2013లో నాకు ఈ ఆపరేషన్ జరిగేనాటికి నేను ఇరవై రెండేళ్ళుగా స్టాఫ్ నర్సుని. ఆపరేషన్ బాగా చేశారు, పుండు బాగా మానింది. అయితే నర్సుకి వేరే చెప్పవలసిందేముంటుందని అనుకున్నారో ఏమో, డిశ్చార్జి కాగితం చేతిలో పెట్టి పంపించేశారు. చేతిని ఏ రోజు నుంచి కదిలించాలో, ఎంత ఎత్తు వరకు లేపాలో ఎవరూ చెప్పలేదు. అడగడానికి నాకూ మొహమాటమైంది. మూడు నెలలు గడిచేసరికి పై అలమరలో డబ్బా అందుకోవడానికి కూడా చెయ్యి లేవకుండా భుజం బిగిసిపోయింది. దాన్ని మళ్ళీ సాధించడానికి ఆరు నెలలు పట్టింది. ఆ ఆసుపత్రిలో ఉన్న వారం రోజుల్లో నాకు నిజంగా ఉపయోగపడిన సలహా ఒక్కటే. అది ఇచ్చినామె నా పక్క మంచం మీదున్న ఆమదాలవలస మనిషి, బడిలో మధ్యాహ్న భోజనం వండే ఆవిడ. గాయంలోంచి నీరు దిగే గొట్టానికి తగిలించిన సీసాను నేను చేత్తో పట్టుకుని అవస్థపడుతూ నడవడం చూసి, “అలగ పట్టుకు తిరిగితే కుట్లు లాగేస్తాయమ్మా, గుడ్డసంచి కుట్టించి మెళ్ళో ఏసుకో” అంది. సాయంత్రానికల్లా తన సంచే తీసి నాకిచ్చింది. వార్డుల్లో అంతకాలం పనిచేసిన నాకు తట్టని ఉపాయం అది, ఎందుకంటే ఆ సీసాను ఎందరికో మార్చానే గాని నేనెప్పుడూ మోయలేదు.

చికిత్స చేసేవారికి తెలిసిన విషయాలు వేరు, చికిత్స జరిగిన శరీరంతో బతికేవారికి తెలిసిన విషయాలు వేరు, రెండూ అవసరమే. ఈ సంగతిని గుర్తించి పనిగా పెట్టుకున్న తొలి మహిళల్లో న్యూయార్కుకు చెందిన టెరీస్ లాసర్ ఒకరు. 1952లో ఆమెకు రొమ్ము తీసేశారు. ఆ తరువాత ఎలా బతకాలో చెప్పేవారెవరూ లేకపోవడంతో తానే ఆసుపత్రులకు వెళ్ళి, కొత్తగా ఆపరేషన్ అయిన స్త్రీల మంచం పక్కన కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టింది. చేతి వ్యాయామానికి ఒక రబ్బరు బంతి, ఒక తాడు, జాకెట్టులో పెట్టుకోవడానికి తాత్కాలికంగా ఒక మెత్త, ఇవీ ఆమె వెంట తీసుకువెళ్ళినవి. రోగుల దగ్గరికి మరో రోగి రావడం మొదట్లో చాలామంది డాక్టర్లకు నచ్చలేదు. 1969లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీ ఆ కార్యక్రమాన్ని తన ఆధ్వర్యంలోకి తీసుకుంది. “రీచ్ టు రికవరీ” అనే ఆ పేరుతోనే అది తరువాత అనేక దేశాలకు వ్యాపించింది.

ఇటువంటి కలయికల వల్ల ఆయుష్షు పెరుగుతుందని ఎవరైనా మీతో అంటే నమ్మకండి. జబ్బు ఇతర భాగాలకు పాకిన స్త్రీలలో, బృందంగా కలిసి మాట్లాడుకున్నవారు ఎక్కువకాలం బతికారని 1989లో అమెరికా వైద్యుడు డేవిడ్ స్పీగెల్ ప్రకటించినప్పుడు ప్రపంచమంతా ఆశపడింది. కానీ 2001లో కెనడాలో జరిగిన పెద్ద అధ్యయనంలోనూ, 2007లో స్పీగెల్ స్వయంగా మళ్ళీ చేసిన పరీక్షలోనూ మొత్తం మీద ఆయుష్షులో తేడా కనిపించలేదు. అయితే ఆ కెనడా అధ్యయనంలోనే, మొదట ఎక్కువ బాధలో ఉన్న స్త్రీలకు మనోవేదన, నొప్పి రెండూ తగ్గాయని తేలింది. నా దృష్టిలో అది చిన్న లాభం కాదు. రాత్రి పన్నెండింటికి టమాక్సిఫెన్ వల్ల ఒళ్ళంతా ఆవిర్లు వచ్చి లేచి కూర్చున్న మనిషికి, ఇది తనకొక్కదానికే జరగడం లేదని తెలియడం ఎంత ఊరటో నాకు తెలుసు.

ఇప్పుడు రొమ్ము పునర్నిర్మాణం సంగతి. చేయించుకోమనీ చెప్పను, వద్దనీ చెప్పను. మీ అత్తగారు వయసు మాట ఎత్తారు గాని ఈ నిర్ణయానికి వయసు అడ్డు కాదు, తొందరా లేదు. రొమ్ము తీసేసిన చాలా ఏళ్ళ తరువాత కూడా దీన్ని చేయించుకోవచ్చు. దీనివల్ల క్యాన్సర్ తిరగబెట్టే అవకాశం పెరగదు. పద్ధతులు ముఖ్యంగా రెండు. ఒకటి సిలికోన్ ఇంప్లాంట్. ముందుగా చర్మం కింద ఖాళీ సంచి లాంటి సాధనం పెట్టి, వారాల తరబడి కొద్దికొద్దిగా సెలైన్ నింపి చర్మాన్ని సాగదీసి, తరువాత దాన్ని తీసి ఇంప్లాంట్ అమరుస్తారు. రెండోది మీ పొత్తికడుపు నుంచో వీపు నుంచో కండ, కొవ్వు, చర్మం తెచ్చి మలిచే పద్ధతి. మీకు కరెంటు పెట్టారు కాబట్టి ఈ తేడా మీకు ముఖ్యం. కరెంటు తగిలిన చర్మంలో ఇంప్లాంట్ పెడితే చుట్టూ గట్టిపొర ఏర్పడి బిగిసిపోవడం, ఇతర చిక్కులు రావడం ఎక్కువ. అందుకే అటువంటివారికి సొంత కండతో చేసే పద్ధతిని తరచు సూచిస్తారు. ఇంప్లాంట్ జీవితాంతం ఉండే వస్తువు కూడా కాదు, కొన్నేళ్ళకు మార్చవలసి రావచ్చు. కరెంటు ముగిశాక చర్మం కుదుటపడటానికి సాధారణంగా ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఆగమంటారు.

సొంత కండతో చేసేది పెద్ద ఆపరేషన్. సన్నని రక్తనాళాలను కలిపే పద్ధతైతే ఆరు గంటలకు పైగానే పట్టవచ్చు. పొత్తికడుపు నుంచి తీస్తే ఆ తరువాత కొన్ని వారాలు బరువులు ఎత్తకూడదు, కండను కూడా తీసే పద్ధతిలో పొట్టగోడ బలహీనపడి హెర్నియా రావచ్చు. వీపు కండ తీస్తే చేతిని పైకెత్తి లాగే పనుల్లో బలం కొంత తగ్గవచ్చు. ఊడ్పులకు వెళ్ళేవారు, గడ్డిమోపులు ఎత్తేవారు, బావి నుంచి నీళ్ళు తోడేవారు తాము చేసే పని ఏమిటో సర్జనుగారికి విడమరిచి చెప్పాలి. ఆయన తనంతట తాను అడగకపోవచ్చు. మన తీరప్రాంతపు ఊళ్ళలో అడ్డపొగ (చుట్టను నిప్పు వైపు నోట్లో పెట్టుకుని) తాగే స్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. చుట్ట తాగే అలవాటుంటే తెచ్చిపెట్టిన కండకు రక్తం సరిగా అందక అది చచ్చిపోయే ప్రమాదం పెరుగుతుంది కనుక, ఆ విషయం దాచకూడదు. టమాక్సిఫెన్ రక్తం గడ్డకట్టే అవకాశాన్ని కొంత పెంచుతుంది కాబట్టి ఆపరేషనుకు ముందు కొన్నాళ్ళు ఆపమనవచ్చు. ఆ మాట డాక్టరు చెప్పాలే గాని మీ అంతట మీరు ఆపకూడదు. ఆసుపత్రిలోని సహాయ కౌంటరుకు వెళ్ళి, రాష్ట్ర ప్రభుత్వ ఆరోగ్య పథకమైన డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద మీకు సూచించిన పద్ధతికి ఎంత ఖర్చు వర్తిస్తుందో ముందుగానే, వీలైతే కాగితం మీద, అడిగి తెలుసుకోండి.

ఇదంతా డాక్టరు చెప్పగలిగేది. వారు చెప్పలేనిదీ, చేయించుకున్న స్త్రీ చెప్పగలిగేదీ మరొకటుంది. కొత్త రొమ్ముకు చూపులో నిండుదనం వస్తుంది గాని, చాలామందికి స్పర్శ పూర్తిగా తిరిగి రాదు. వేడి గిన్నె తగిలినా తెలియకపోవచ్చు. పిల్లను ఎత్తుకున్నప్పుడు, బోర్లా పడుకున్నప్పుడు, చీర కొంగు సర్దుకున్నప్పుడు అది ఎలా ఉంటుందో ఆమె చెబుతుంది. ఇష్టపడితే గది తలుపు వేసి చూపిస్తుంది కూడా. ఫోటోలో చూసినదానికీ, మీలాంటి రంగు, మీలాంటి ఒళ్ళు ఉన్న మనిషి మచ్చను ఎదురుగా చూసినదానికీ ఎంత తేడా ఉంటుందో చూసినవారికే తెలుస్తుంది. అలాగే, వద్దనుకుని చదునుగానే ఉండిపోయి నిశ్చింతగా ఉన్న స్త్రీనీ కలవండి. నేను చేయించుకోలేదు. నాకు మరో పెద్ద ఆపరేషన్ భరించే ఓపిక లేకపోయింది, అంతకు మించి కారణం లేదు. నా చెల్లెలి వరసామె చేయించుకుని, పదేళ్ళ తరువాత మొదటిసారి అద్దం ముందు నిలబడి చీర కట్టుకున్నానని నాతో చెప్పి ఏడ్చింది. మా ఇద్దరిలో ఎవరి నిర్ణయమూ మీ నిర్ణయానికి కొలత కాదు.

నిర్ణయం తేలేవరకు మెత్త వాడుకోవచ్చు. గాయం పూర్తిగా మానాక దుకాణంలో దొరికే సిలికోన్ మెత్తకు బరువుంటుంది కనుక రెండు భుజాలూ సమంగా నిలుస్తాయి. అది కొనలేనివారు మెత్తని పాత నూలుగుడ్డతో సంచి కుట్టి, శుభ్రమైన దూది నింపి, పైకి జారకుండా లోపల చిన్న గుడ్డమూటలో ఆవాలు పోసి పెట్టుకుంటారు. ఉతికేటప్పుడు ఆ మూట తీసేయాలి. నూలుతో మెత్తలు అల్లి ఉచితంగా ఇచ్చే స్త్రీలు మన దేశంలోనూ ఉన్నారు. పొందూరులో సన్న నూలు వడికే చేతులుండగా ఇది మన దగ్గర ఎందుకు సాధ్యం కాదని నాకెప్పుడూ అనిపిస్తుంది.

ఇక మీ మొదటి భయం. ఇతరుల కష్టాలు వింటే దిగులు పెరగవచ్చు, ముఖ్యంగా మొదటి రెండుసార్లు. మీకు జరగనిది ఆమెకు జరిగిందని వినగానే అది రేపు మీకూ జరుగుతుందని మనసు లెక్క కట్టేస్తుంది. అందువల్ల కొన్ని కట్టుబాట్లు మొదటిరోజే పెట్టుకోవాలి. రిపోర్టులు పోల్చుకోకూడదు, ఇద్దరి గడ్డలూ ఒకే పరిమాణంలో ఉన్నా జబ్బు స్వభావం వేరు కావచ్చు, మందు వేరు కావచ్చు. “నాకు ఇలా జరిగింది” అనవచ్చు, “నువ్వు ఇలా చెయ్యి” అనకూడదు. పసరు మందు, పొడి, మహిమ గల కషాయం ఎవరూ తీసుకురాకూడదు. మాత్ర మానేసి పసరు తాగుదామన్న ఒక్క మాట నలుగురు ఆడవాళ్ళున్న చోట ఎంత త్వరగా పాకుతుందో నేను చూశాను. మీరందరూ డ్వాక్రా సంఘాల్లో ఉండే ఉంటారు కాబట్టి చెబుతున్నాను, నెలకోసారి కూర్చోవడం, ప్రతి ఒక్కరికీ మాట్లాడే వంతు ఇవ్వడం అక్కడి నుంచి తెచ్చుకోండి గాని, అప్పులు, పొదుపు లెక్కలు ఇక్కడికి రానివ్వకండి. బాకీ ఉన్న మనిషి దగ్గర మనసు విప్పి మాట్లాడటం ఎవరికైనా కష్టం.

వీటన్నిటికంటే కఠినమైనది మరొకటుంది, దాన్ని దాచి మిమ్మల్ని పంపలేను. మేము విజయనగరంలో ఏడుగురం కలిసేవాళ్ళం. మూడో ఏడు మాలో ఒకామెకు జబ్బు ఎముకలకు పాకింది. అప్పటివరకు “ధైర్యంగా ఉండు, నీకేమీ కాదు” అని ఒకరికొకరం చెప్పుకున్న మాటలు ఒక్కసారిగా ఎందుకూ పనికిరాకుండా పోయాయి. ఆమె రావడం మానేసింది, మేమూ కలవడం మానేశాం. నాలుగు నెలల తరువాత ఆమే కబురు పంపింది. వెళ్ళితే, “నన్ను చూస్తే మీకు భయమేస్తందని నాకు తెలుసు, అయినా రండి” అంది. అప్పటి నుంచి ఆమె ఇంట్లోనే కలిసేవాళ్ళం, చివరి వారం వరకు. ఆ నాలుగు నెలల గైర్హాజరు గురించి ఇప్పటికీ బాధపడుతుంటాను. మీ బృందంలో ఎవరికైనా జబ్బు తిరగబెడితే ఏం చేస్తారో, అందరూ బాగున్న రోజునే మాట్లాడుకోండి. ఎవరికైనా దుఃఖం తగ్గకుండా, నిద్రాహారాలు పోయి, బతకాలని లేదన్న మాట వస్తే దాన్ని బృందం మీదే వదిలేయకుండా డాక్టరుకు చెప్పండి. మానసిక సాయం కోసం ప్రభుత్వం నడిపే టెలీమానస్ 14416 నంబరుకు ఏ వేళనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

మీ అమ్మాయి సంగతి. రొమ్ము క్యాన్సర్లలో వంశపారంపర్యంగా వచ్చేవి నూటికి 5 నుంచి 10 మాత్రమే. అయినా మీకు 42 ఏళ్ళే కాబట్టి, మీ అమ్మగారి వైపు గాని నాన్నగారి వైపు గాని ఎవరికైనా రొమ్ము, అండాశయ క్యాన్సర్లు వచ్చాయేమో తెలుసుకుని డాక్టరుకు చెప్పండి, జన్యు పరీక్ష అవసరమో కాదో ఆయన చెబుతారు. ఊరివాళ్ళ కంట పడకుండా కలవాలంటే, రివ్యూ రోజులు కలిసేలా చూసుకోండి. మన రెండు జిల్లాల వాళ్ళం ఎలాగూ విశాఖ బస్సో రైలో ఎక్కవలసినవాళ్ళమే. అగనంపూడి హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి ఓపీ బయట బెంచీల మీదా, చీపురుపల్లి దాటాక రైలు పెట్టెలోనూ కలిసే నలుగురిని ఎవరూ సంఘం అనుకోరు. క్యాన్సర్ రోగికీ, తోడు వెళ్ళేవారికీ చికిత్స ప్రయాణానికి రైలు టిక్కెట్టులో రాయితీ ఉంటుంది. స్లీపర్‌లో రోగికి పూర్తి ఛార్జీ, తోడు వెళ్ళేవారికి నూటికి 75 వంతులు తగ్గుతుంది. ఆసుపత్రి ఇచ్చే ధ్రువపత్రం టిక్కెట్టు కౌంటరులో చూపించాలి.

ప్రశ్న: పలాసలో జీడి కార్ఖానాలో పిక్కలు కొట్టే పని చేస్తాను. రొమ్ముతో పాటు చంక గడ్డలు (లింఫ్ గ్రంథులు) కూడా తీశారు. ఆ చెయ్యి సాయంత్రానికి బరువెక్కి గాజులు బిగుస్తున్నాయి. తోటి పనివాళ్ళు ఆ చేత్తో ఏ పనీ చేయవద్దంటున్నారు. పని మానితే గడవదు.

జవాబు: చంక గడ్డలు తీసినవారిలో సుమారు ఐదుగురిలో ఒకరికి ఇలా చేతి వాపు వస్తుంది. దీన్ని లింఫెడీమా అంటారు. మొదట్లోనే పట్టుకుంటే అదుపులో ఉంటుంది కనుక ఈ వారమే డాక్టరుకు గాని ఫిజియోథెరపిస్టుకు గాని చూపించండి. కొలత ప్రకారం బిగుతు తొడుగు, మర్దన పద్ధతి, వ్యాయామం వారే నేర్పుతారు. ఆ చేత్తో ఏ పనీ చేయకూడదన్నది పాతకాలపు మాట. బరువును నెమ్మదిగా, కొలతగా పెంచుకుంటూ వ్యాయామం చేసినవారికి వాపు పెరగలేదని 2009లో వెలువడిన అమెరికా అధ్యయనం చూపించింది. మీకున్న అసలు ప్రమాదం జీడిపిక్క పైపెంకులోని నూనె. అది చర్మాన్ని కాలుస్తుంది, ఆ పుండులోంచి క్రిమి చేరితే ఈ చెయ్యి తట్టుకోలేదు. మోచేతి వరకు చేతితొడుగు లేకుండా పిక్క ముట్టుకోకండి. వీలైతే కొట్టుడు నుంచి గుండ్ల (ఒలిచిన జీడిపప్పు) గ్రేడింగుకు మార్చమని మేస్త్రీని అడగండి. చెయ్యి ఎర్రబడి, వేడెక్కి, జ్వరం వస్తే మరునాటి దాకా ఆగకుండా ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళాలి. గాజులు ఆ చేతికి ప్రస్తుతం తీసేయండి. ఈ మాట మీతో పనిచేసేవారికి కూడా మీరే చెబితే బాగుంటుంది.

ప్రశ్న: బొబ్బిలి నుంచి రాస్తున్నాను. నా భార్యకు ఏడాది క్రితం ఆపరేషన్ అయింది. ఇప్పటివరకు గాయం నన్ను చూడనివ్వలేదు. నెలకోసారి తనలాంటివారితో కలిసి వచ్చిన రోజు మాత్రం ఉత్సాహంగా ఉంటుంది. అక్కడ ఏం మాట్లాడుకుంటారో చెప్పదు. నేనూ ఆ సమావేశానికి వెళ్ళవచ్చా?

జవాబు: వెళ్ళకండి, ఏం మాట్లాడుకున్నారని అడగకండి. భర్తల గురించి, అత్తల గురించి, తమ శరీరం గురించి దాపరికం లేకుండా మాట్లాడుకోవడానికి ఆమెకు దొరికిన చోటు అది. ఆమెను అక్కడ దింపి, ముగిశాక తీసుకురావడానికి వెళ్ళండి. బయట మీలాగే ఎదురుచూసే భర్తలు ఇద్దరు ముగ్గురుంటారు, వారితో మాట్లాడండి. మీ భయాలు చెప్పుకోవలసింది వారి దగ్గరే.

గాయం చూపించమని ఒత్తిడి చేయకండి, చూడటం ఇష్టం లేదన్నట్టు మొహం తిప్పుకోకండి. చాలామంది స్త్రీలు భర్త మౌనాన్ని అసహ్యంగా అర్థం చేసుకుంటారు. “నువ్వు ఎప్పుడు చూపిస్తే అప్పుడు చూస్తాను” అని ఒక్కసారి స్పష్టంగా చెప్పి ఊరుకోండి. భుజం బిగుసుకుందేమో, వ్యాయామానికి తోడు కావాలేమో అడగండి. గోడకు ఎదురుగా నిలబడి వేళ్ళతో పైకి పాకించే వ్యాయామం రోజూ చేయాలి. ఏ రోజు ఎంత ఎత్తుకు వెళ్ళిందో గోడ మీద సుద్దముక్కతో గీత గీసే పని మీరు తీసుకోవచ్చు. నా భుజం బిగిసినప్పుడు మావారు చేసిన పని అదే. వంటగది గోడ మీద ఆ గీతలు సున్నం వేసేవరకు ఉన్నాయి.